జోడి ఢీలా అయింది

కారు ఎడమవైపుకి లాగుతోందని తెలిసిన రోజున ఎవరైనా మెకానిక్ దగ్గరికి వెళతారు. నేను నా బాల్యం దగ్గరికి వెళ్లాను.

సైకాలజీ చదువుకున్నవాడి చేతికి సెకండ్‌హ్యాండ్ మారుతి ఇస్తే ఇలాగే జరుగుతుంది. మేడ్చల్ దాటి శామీర్‌పేట రోడ్డెక్కగానే స్టీరింగు నా చేతుల్లో సన్నగా వణికేది. కొంచెం కుడికి తిప్పినా, బండి ఒక క్షణం ఆలోచించుకుని గానీ కదిలేది కాదు. ఆ క్షణం నాకు నచ్చింది. నిర్ణయానికీ పనికీ మధ్య ఉండే ఖాళీ గురించి మా బి.ఎడ్. కాలేజీలో ఏటా ఒక పాఠం చెబుతాను. అలాంటి ఖాళీ నా కారులోనే ఉండటం గౌరవంగా అనిపించింది.

ఆ రోడ్డు మీద నేను వెళ్లేది సుచిత్ర కోసం. మా కాలేజీలోనే లెక్కలు చెబుతుంది. ఊరు శామీర్‌పేట అవతల లాల్‌గడి మలక్‌పేట్. సాయంత్రాలు ఆమెను శామీర్‌పేట బస్టాపు దాకా దింపేవాణ్ణి. ఒకట్రెండుసార్లు ఊళ్లో దాకా కూడా వెళ్లాను. వాళ్ల ఇంటి సందు కుడివైపు. కారు లాగేది ఎడమవైపు. ముప్పై ఏడేళ్లు ఒంటరిగా బతికిన మనిషికి ఇంతకన్నా ఏం ఆధారం కావాలి? నాకు పెళ్లంటే భయం, ఆ భయం నా చేతుల్లోంచి స్టీరింగులోకి దిగుతోంది అని తేల్చుకున్నాను. నిజానికి నిజామాబాద్ హైవే మీద కూడా కారు ఎడమవైపుకే లాగేది. సిద్ధాంతానికి పనికిరాని ఆ సాక్ష్యాన్ని పక్కన పెట్టాను.

"సార్, మీ బండి కింద ఏదో కొట్టుకుంటాంది" అంది సుచిత్ర ఒకరోజు. "గుంత వచ్చినప్పుడల్ల టక్ టక్ అంటాంది."

"కొట్టుకునేవన్నీ బండి కిందే ఉండవు సుచిత్రగారూ" అన్నాను.

ఆమె మొహం కిటికీ వైపు తిప్పుకుని చాలాసేపు ద్రాక్షతోటలు చూస్తూ కూర్చుంది. ఉద్వేగం అనుకున్నాను. నవ్వు ఆపుకుంటోందని తర్వాత తెలిసింది.

పెళ్లి మాట ఎత్తింది కూడా ఆమే. "మీరు అడుగుతరా, నన్నే అడగమంటరా?" అంది. నేను ఒక మధ్యేమార్గం కోసం వెతుకుతుంటే, ఆగకుండా చెప్పేసింది. "ఆదివారం ఇంటికి రాండ్రి. మా నాయినను కలవున్రి. ఆయన సరే అంటె సరే. కాదంటె నేను మా నాయినను కాదని రాను. గంతే సంగతి."

అలా నా మిగతా జీవితం మొత్తం కుర్మయ్య అనే మనిషి నోట్లోంచి రాబోయే ఒక్క మాట మీద ఆధారపడింది. ఆయన మేడ్చల్ బస్సు డిపోలో మెకానిక్‌గా చేసి రిటైరయ్యాడని తెలుసు. "ముప్పై ఏండ్లు బస్సుల కింద పండుకున్నడు. దేన్నన్న ఒక్కసారి చూసి చెప్పేస్తడు" అని సుచిత్ర గొప్పగా చెప్పింది. 'దేన్నన్న' అన్న మాటలో నేనూ ఉన్నానని గ్రహించాను. నేనుండే మేడ్చల్ కాలనీలో అందరూ మా కోస్తా వాళ్లే. ఆవకాయ పంపుతారు గానీ సంబంధాలు పంపరు. తెనాలిలో మా అన్నయ్య కూడా అడగడం మానేశాడు. ఇది పోతే ఇక నాకు మిగిలేది ఆవకాయే.

ఆదివారం ఉదయం ఇస్త్రీ చొక్కా వేసుకుని బయల్దేరాను. దారి పొడుగునా కారు ఎడమకి గుంజుతూనే ఉంది. 'నీ భయం నాకు తెలుసులే' అని స్టీరింగుకి నచ్చజెబుతూ, కుడికి పట్టుకుని నడిపాను. వాళ్ల సందులోకి తిరిగేసరికి రెండు భుజాలూ నొప్పెట్టాయి. అంతర్మథనం భుజాల్లో కూడా జరుగుతుందని కొత్తగా తెలుసుకున్నాను.

నేనింకా గేటు చేరకముందే కుర్మయ్య మంచం మీంచి లేచి నిలబడి ఉన్నాడు. పొట్టిగా, గట్టిగా, ఇంకా ఖాకీ ప్యాంటులోనే ఉన్నాడు. తల ఒక పక్కకి వంచి ఏదో వింటున్నాడు. నేను దిగి నమస్కారం పెడితే నా మొహం చూడలేదు. ముందు చక్రాల వైపు చూస్తూ నిలబడ్డాడు. పెద్దాయనకి కూడా బిడియమే పాపం అనుకున్నాను.

"ఎన్నొద్దుల సంది గిట్ల?" అన్నాడు.

ఇంత సూటిగా మొదలుపెడతాడనుకోలేదు. "రెండు నెలల నుంచండీ" అన్నాను.

"రెండు నెలల సంది తెలిసి గూడ ఊకున్నరా?"

"చెప్పడానికి ధైర్యం చాలలేదండీ."

"ఎవ్వరికి చెప్పనీకి?"

"మీకే."

ఆయన కాస్త విచిత్రంగా చూశాడు. "నాకు తర్వాత. ముందుగాల మీరు చూసుకోవాలె గద."

"రోజూ చూసుకుంటూనే ఉన్నానండీ. లోపలికి."

"లోపటికి గాదు సార్, కిందికి చూడాలె." మళ్లీ చక్రాల వైపు వంగాడు. "స్టీరింగు ఎటు గుంజుతాంది?"

అప్పటికిగానీ ఆయన కారు సంగతి అడుగుతున్నాడని తెలియలేదు. అంతకుముందు అడిగినవి కూడా కారు గురించేనా అని నన్ను నేను ప్రశ్నించుకోవాల్సింది. దానికి బదులు నా సిద్ధాంతం చెప్పడానికి ఇదే అవకాశం అనుకున్నాను. "ఎడమవైపండీ. కానీ అది బండిలో ఉందనుకోను. నా చేతుల్లోనే ఉంది."

కుర్మయ్య నా రెండు చేతులూ పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు. "చేతులు మంచిగనే ఉన్నయి గద" అన్నాడు.

లోపల కూర్చోబెట్టారు. సుచిత్ర వాళ్ల అమ్మ సాలమ్మ చెంబుతో నీళ్లిచ్చింది. వంటింట్లోంచి కోడికూర వాసన ఇల్లంతా నిండిపోయింది. పొద్దున్నే కోసి ఉంటారు, నా కోసం. "మా దిక్కు కారం మస్తుగుంటది సార్, తింటరా మరి?" అని అడిగింది. అడుగుతున్నప్పుడు ఆమె కళ్లలో ఒక జంకు ఉంది. "తప్పకుండా తింటానండీ" అన్నాను.

"చాబి ఇయ్యున్రి" అన్నాడు కుర్మయ్య చెయ్యి చాపి. కారు ఎండలో ఉంది, నీడకి జరుపుతాడేమో అని ఇచ్చాను. తండ్రీ కూతుళ్లిద్దరూ బయటికి వెళ్లారు. ఆ గదికున్న కిటికీ పెరటివైపు. గుడ్డ కప్పిన టీవీకి ఎదురుగా కూర్చుని, ఆయన అడగబోయే ప్రశ్నలకి జవాబులు సిద్ధం చేసుకున్నాను. జీతం, వయసు, ఇన్నాళ్లూ ఎందుకు చేసుకోలేదు. మూడోదానికి జవాబు బాగా పొడుగైంది. అందులో మా అమ్మ, చిన్నప్పటి ఒక పిల్లి, ఇంటర్మీడియట్ ఫలితాలు కూడా వచ్చాయి.

పిల్లి దగ్గర ఉండగా పెరట్లో నీళ్ల చప్పుడైంది. చేతులు కడుక్కుంటూ కుర్మయ్య మాట్లాడుతున్నాడు. గొంతు తగ్గించాననుకున్నాడు గానీ, బస్సు ఇంజన్ల మధ్య ముప్పై ఏళ్లు మాట్లాడిన గొంతు తగ్గితే ఎంత తగ్గుతుంది?

"పైకి మంచిగనే కనవడతది బిడ్డా. లోపట మాత్రం అరిగిపోయింది. మొత్తం ఢీలా."

"మరెట్ల నాయినా?" సుచిత్ర గొంతు.

"ఎట్లేముంది? గీ జోడి పనికి రాదు. మార్చుడే."

నా చేతిలో గ్లాసు ఉంది. దాన్ని చాలా జాగ్రత్తగా కింద పెట్టాను.

"ఇంకొన్నొద్దులు చూస్తె?"

"చూసుడేంది? గిట్లనే నమ్ముకొని పోతివనుకో, ఏదో ఒకనాడు నిన్ను నడిరోడ్డు మీద ఇడిచిపెడతది."

"జర మెల్లగ!" అది సాలమ్మ. "ఫస్టుసారి ఇంటికొచ్చిండు పాపం. గిప్పుడే మొకం మీద చెప్పకు. తిన్నంక చెప్పు."

"గట్లనే తియ్."

ఆ నాలుగు మాటల కింద నేనెలా కూలిపోయానో వివరంగా చెప్పాలి, ఎందుకంటే వివరంగా కూలిపోవడం నా వృత్తి. ముందు నాకు కలిగింది కోపం కాదు, ఆరాధన. నేను ఇన్నేళ్లు పుస్తకాలు చదివి నా గురించి తెలుసుకోలేనిదాన్ని, ఈ మనిషి రెండు ప్రశ్నలతో, ఒకసారి చేతులు తిప్పి చూడటంతో తెలుసుకున్నాడు. పైకి బాగానే ఉంటాను. లోపల అరిగిపోయాను. మొత్తం డీలా. మావైపు ధైర్యం పోయి, మొహం వేలాడేసుకున్నవాణ్ణి డీలా పడ్డాడు అంటారు. అది నేనే. నమ్ముకున్నవాళ్లని నడిరోడ్డు మీద వదిలేస్తాననేది కూడా కాదనలేకపోయాను. ఇంతవరకూ ఎవరూ నమ్ముకోలేదు కాబట్టి దానికి పరీక్ష జరగలేదంతే.

ఒక్కటి మాత్రం గుచ్చుకుంది. 'అరిగిపోయిండు' అనలేదు, 'అరిగిపోయింది' అన్నాడు. 'ఇడిచిపెడతడు' అనలేదు, 'ఇడిచిపెడతది' అన్నాడు. నన్ను మనుషుల్లోంచి తీసేసి వస్తువుల్లో కలిపాడు. ఇంత చదువుకుని, ఆ వ్యాకరణాన్ని అంత దగ్గరగా గమనించి, దాన్నించి నేను రాబట్టుకున్న అర్థం ఇది. ఆయన నిజంగానే ఒక వస్తువు గురించి మాట్లాడుతుండొచ్చనే ఆలోచన నాకు రాలేదు. నా గురించి కాని సంభాషణ ఒకటి ప్రపంచంలో జరుగుతుందని నాకు సాధారణంగా తట్టదు.

వాళ్లు తిండి పెట్టి మరీ చెప్పేదాకా ఆగడం కన్నా, నేనే హుందాగా తప్పుకోవడం మేలనిపించింది. లేచాను. కారు తాళం గుమ్మం పక్కన మేకుకి ఉంది. సాలమ్మ కంచం తుడుస్తూ ఎదురొచ్చింది.

"తలనొప్పిగా ఉందండీ. వెళ్లొస్తాను."

"తిన్నంక పోదురు గని సార్. అయిపోయింది, పెడుతున్న."

"ఇంకోసారి తింటానండీ."

ఆమె చేతిలో కంచం అలాగే ఉండిపోయింది. సుచిత్ర పెరట్లోంచి వచ్చేలోపు నేను కారెక్కేశాను. సందు చివర అద్దంలోకి చూస్తే కుర్మయ్య తడి చేతులు రెండూ పైకెత్తి ఊపుతూ వెనక పరుగెత్తుకొస్తున్నాడు. ఏదో అరుస్తున్నాడు కూడా. కాదన్న మనిషే ఇంత ప్రేమగా సాగనంపుతున్నాడు. గొప్ప సంస్కారం అనుకున్నాను. నేనూ కిటికీలోంచి చెయ్యి బయటపెట్టి ఊపాను.

ఊరు దాటి, హద్దురాళ్లు పాతిన కొత్త ప్లాట్ల పక్కనుంచి మెల్లగా పోతున్నాను. నా వేగం ఎప్పుడూ సైకిళ్లవాళ్లకి అడ్డమే. సోమవారం స్టాఫ్‌రూములో సుచిత్రతో చెప్పాల్సిన వాక్యం తయారుచేసుకుంటున్నాను. 'మీ నాన్నగారు చూసింది నిజం.' బాగుంది, కానీ 'నిజం' దగ్గర గొంతు కొంచెం వణకాలి. గొంతు వణికించి చూసుకుంటుండగా చిన్న గుంత వచ్చింది. టక్ అంది. ఆ తర్వాత స్టీరింగుకి బరువు పోయింది. ఎటు తిప్పినా ఆకాశంలో తిప్పినట్టే ఉంది. బండి తనంతట తాను రోడ్డు దిగి, ఒక హద్దురాయికి ముక్కు ఆనించి ఆగింది.

దిగి చూశాను. కుడి చక్రం తిన్నగా మేడ్చల్ వైపు చూస్తోంది. ఎడమ చక్రం పక్కకి తిరిగిపోయి ప్లాట్ల వైపు చూస్తోంది. మనసులోని రెండు కోరికలు రెండు వైపులకి లాగడాన్ని బోర్డు మీద సరిగ్గా ఇలాంటి బొమ్మతోనే గీసి చూపిస్తాను. ఇంత స్పష్టంగా నేనెప్పుడూ గీయలేదు. భయపడటం మర్చిపోయి కాసేపు మెచ్చుకుంటూ నిలబడ్డాను.

టీవీఎస్ మోపెడ్ చప్పుడైంది. సుచిత్ర నడుపుతోంది. వెనక కుర్మయ్య ఒళ్లో గోనెసంచితో, రెండు కాళ్లూ వెడల్పుగా పెట్టి, భయంగా కూర్చుని ఉన్నాడు.

"చెవులు ఇనవడవా సార్ మీకు?" దిగుతూనే అరిచాడు. "బండి తియ్యకున్రి, బండి తియ్యకున్రి అని ఒర్లుకుంట ఉరికొస్తుంటె, మీరు టాటా చెప్పుకుంట పోతిరి!"

ఆయన రోడ్డు మీద వెల్లకిలా పడుకుని చక్రం వెనక్కి దూరాడు. "ఇటు రాండ్రి. ఒంగున్రి. చూడున్రి."

వంగాను. చక్రానికీ లోపలి కడ్డీకీ మధ్య గుప్పెడంత ఇనుప కీలు. దాని మీద రబ్బరు టోపీ చిరిగి వేలాడుతోంది. గ్రీజు ఎండి మట్టి అయిపోయింది. గిన్నెలో ఉండాల్సిన ఇనుప గుండు గిన్నె విడిచి బయటికొచ్చేసింది.

"పొద్దుగాల్నే పట్టిన. సుచిత్రను గుండు మీద చెయ్యి పెట్టుమని నేను స్టీరింగు ఆడిచ్చిన. చేతిల కటకట కొట్టుకున్నది. అప్పుడే చెప్పిన, జోడి మొత్తం ఢీలా అయింది, మార్చాలె అని."

"ఏ జోడి?" అన్నాను.

"ఏ జోడేంది? టై రాడ్ ఎండ్ల జోడి, స్టీరింగును చక్రాలకు కలిపెటియి. గీ చక్రానికొకటి, గా చక్రానికొకటి. ఇది ఊడింది, అది ఊడనీకి తయారున్నది."

ఆ ఎండలో అలా వంగి ఉండగానే నాకు తెలుగు అర్థమైంది. వదులైన బోల్టు ఢీలా. సాగిపోయిన నులకమంచం ఢీలా. జారిపోయే లాగు ఢీలా. ఇక్కడ ఆ మాట ఇనుముకీ తాడుకీ చెందింది. మావైపు మాత్రమే అది మనిషి మొహం మీదికి ఎక్కింది. మేడ్చల్‌లో ఉన్న ఏడేళ్లలో ఆ మాట ఎన్నిసార్లు విని ఉంటాను! విన్నప్పుడల్లా ఇక్కడివాళ్లు వస్తువులకి కూడా మనసుందని నమ్ముతారు కాబోలు అనుకుని ముచ్చటపడ్డాను.

నడుం ఎత్తేసరికి సుచిత్ర నా ఎదురుగా నిలబడి ఉంది. ఆమె మొహంలో నవ్వు లేదు.

"మరి తినకుండ ఎందుకొచ్చిన్రు?"

"తలనొప్పి..."

"అబద్ధం చెప్పకున్రి. కంచం చేతిల పెట్టుకొని అమ్మ ఏడుస్తాంది. మా ఇంట్ల తినబుద్ధి కాలేదు సార్‌కు అంటాంది."

"నేను గూడ గదే అనుకున్న" అన్నాడు కుర్మయ్య, చక్రం కిందినించే. గొంతులో కోపం పోయి ఇంకేదో వచ్చింది. "కోస్తోళ్లు గద. మన కూర యాడ తింటరు అని."

నన్ను కాదన్నారని నేను అలిగి వస్తే, అక్కడ నేను వాళ్లని కాదన్నట్టయింది. చెప్పకపోతే ఈ సంబంధం ఈ హద్దురాయి దగ్గరే ఆగిపోతుంది. చెబితే జీవితాంతం నవ్వులపాలు. మామూలుగా ఇలాంటి చోట నేను వారం రోజులు ఆలోచిస్తాను. కారు ఆ స్థితిలో ఉండబట్టి వెంటనే చెప్పేశాను. పెరట్లోంచి విన్నది, జోడి అంటే మా ఇద్దరి జోడీ అనుకున్నది, డీలా అంటే నేననుకున్నది, మార్చుడే అంటే వరుణ్ణి మార్చడం అనుకున్నది, అన్నీ.

సుచిత్ర మొహం ప్లాట్ల వైపు తిప్పుకుంది. ఈసారి నేను ఉద్వేగం అని పొరపడలేదు. భుజాలు ఎగిరెగిరి పడుతున్నాయి.

కుర్మయ్య నవ్వలేదు. కింద నుంచి బయటికొచ్చి లేచి కూర్చున్నాడు. "అరిగిపోయింది అంటె మిమ్ముల అన్ననా?"

"అలా అనుకున్నానండీ."

"మనిషిని పట్టుకొని 'అది' అంటమా సార్?"

"అనరండీ."

"మరి తిన్నంక చెప్పు అని అమ్మ ఎందుకన్నదనుకున్నరు?" నవ్వు మధ్యలోంచి అడిగింది సుచిత్ర. "అయ్యో, బండి ఖరాబైందని చెప్తె సార్ పరేషానై సరిగ్గ తినడని!"

నేను ఇక ఆగలేకపోయాను. "మరి నా గురించి ఏమన్నారండీ?"

"మీ గురించా? మీ గురించి ఏమనలె" అన్నాడు కుర్మయ్య గోనెసంచి విప్పుతూ. "బండినైతె చూసిన గని, మిమ్ముల ఇంక చూడలె. ముందుగాల గిది కానియ్యున్రి."

ఊడిన గుండుని సుత్తెతో గిన్నెలోకి కొట్టి, బైండింగ్ వైరుతో కట్టాడు. ఆ దారినే వచ్చిన ఇస్తారి అనే ఆయన ట్రాక్టరు మమ్మల్ని తాడుతో ఊళ్లోకి లాక్కెళ్లింది. పెళ్లిచూపులకి ఒకే ఇంటికి ఒకే రోజు రెండుసార్లు వెళ్లినవాళ్లు ఉండొచ్చు. రెండోసారి ట్రాక్టరు వెనక తాడుకి కట్టుకుని వెళ్లింది బహుశా నేనొక్కణ్ణే. సాలమ్మ బయటికి రాలేదు.

సుచిత్ర కొత్త జోడి తేవడానికి మోపెడ్ మీద మేడ్చల్ వెళ్లింది. కుర్మయ్య కారుని జాకీ మీదికి ఎత్తి, కింద రాళ్లు పెట్టాడు. ఎడమది తను తీసుకుని, కుడిది నాకిచ్చాడు.

"నేనా?"

"చేతులల్లనే ఉన్నదంటిరి గద. చేతులతోటి చెయ్యున్రి."

ముందు చక్రాన్ని రెండు పక్కలా పట్టుకుని ఊపి చూడమన్నాడు. ఊపితే లోపల టక్కుమంది. నా బాల్యం ఆ చప్పుడు చేస్తుందని రెండు నెలలు నమ్మాను. అడ్డంగా గుచ్చిన పిన్ను వంపు సరిచేసి లాగాలి, పానాతో నట్టు విప్పాలి, కీలు పక్కన సుత్తెతో కొట్టి వదులు చెయ్యాలి. ఆయన ఒక్కో పనీ అరిచి చెబుతూ, మధ్యమధ్యలో తన గొప్ప కూడా చెప్పుకున్నాడు. "డబల్ డెక్కర్ స్టీరింగు ఇప్పిన చేతులియ్యి. గిదొక అగ్గిపెట్టె!" ఆ ఊపులో సుత్తె తన బొటనవేలి మీదే వేసుకున్నాడు. అది కూడా నా వల్లే అయినట్టు చురచురా చూశాడు.

"ఇప్పేటప్పుడు చుట్లు లెక్కపెట్టున్రి" అన్నాడు వేలు నోట్లోంచి తీసి. "పాతది ఎన్ని చుట్లకు ఊడుతదో కొత్తది గన్ని చుట్లే ఎక్కియ్యాలె. తక్కువ ఎక్కువ అయితే చక్రం మొకం తిప్పుతది. తర్వాత మేడ్చల్‌ల అలైన్‌మెంట్ ఎట్లనన్న చేపియ్యాలె గని, గప్పటి దాక సక్కగ పోవాలె."

లెక్కపెడుతూ విప్పాను. మరలు మెల్లగా తిరుగుతున్నాయి. ప్రతి చుట్టుకీ పెదవులు కదిలించి అంకె చెప్పుకున్నాను. నా జీవితంలో ఇంత ఏకాగ్రత ఎప్పుడూ లేదనుకున్నాను. అలా అనుకుంటున్నప్పుడే గాజుల చప్పుడైంది. సాలమ్మ గడపలో నిలబడి ఉంది.

"సార్‌కు చేతులు కడుక్కోనీకి సబ్బు కావాల్నా?" అని అడిగింది. నన్ను కాదు, గాలిని.

సబ్బు అడిగిందంటే కోపం తగ్గినట్టా? గాలిని అడిగిందంటే తగ్గనట్టా? 'సార్' అన్నప్పుడు అందులో పరాయితనం ఎంత, మర్యాద ఎంత? "కావాలండీ" అని చెప్పి తిరిగి చూసుకునేసరికి, చెయ్యి తిరుగుతూనే ఉంది గానీ నోట్లో అంకె లేదు. కొంచెం ఆలోచించి, దగ్గరగా ఉంటుందనిపించిన అంకె ఒకటి వేసుకుని అక్కణ్ణించి కొనసాగించాను.

సుచిత్ర తిరిగొచ్చింది. రెండు కొత్త కీళ్లు, నల్లటి రబ్బరు టోపీలతో, నూనె కాగితంలో మెరుస్తున్నాయి. ఎడమది కుర్మయ్య తన లెక్క ప్రకారం ఎక్కించాడు. "మీది ఎన్ని చుట్లు?"

"పదిహేడు" అన్నాను, క్లాసులో చెప్పే గొంతుతో.

"పక్కానా?"

"పక్కా."

సుచిత్ర నా మొహంలోకి చూసింది. "లెక్కలు నా సబ్జెక్టు సార్. జర ఆలోచించి చెప్పున్రి."

"పదిహేడే" అన్నాను.

కొత్త పిన్నులు గుచ్చి, నట్లు బిగించి, జాకీ దించాడు. "నడుపున్రి" అని పక్క సీట్లో కూర్చున్నాడు. సందులోంచి రోడ్డెక్కాను. చెయ్యి తిప్పితే బండి తిరిగింది. అంతే. ఆలోచించుకునే ఆ క్షణం పోయింది. నిర్ణయానికీ పనికీ మధ్య ఏమీ లేదు. నిజం చెప్పాలంటే నాకు కొంచెం భయం వేసింది, కొంచెం బెంగ కూడా వేసింది.

కొంతదూరం వెళ్లి కారు మళ్లీ ఊరివైపు తిప్పాను. "ఇప్పుడు చెయ్యి తియ్యున్రి" అన్నాడు కుర్మయ్య. "ఎటు పోతదో చూద్దం."

చేతులు ఎత్తేశాను. కారు మెల్లగా, కానీ ఏ అనుమానం లేకుండా, కుడివైపుకి జరగడం మొదలుపెట్టింది. ఎదురుగా వాళ్ల ఇంటి సందు కనిపిస్తోంది. కుడివైపున. రెండు నెలలు ఎడమకి పారిపోయిన నా మనసు ఇవాళ తనంతట తాను ఆ ఇంటివైపు తిరిగింది. ఇంతకన్నా ఏం ఆధారం కావాలి?

"నాకు పెళ్లి ఇష్టమేనండీ!" అన్నాను. గట్టిగానే అన్నాను.

కుర్మయ్య చెయ్యి చాపి స్టీరింగు పట్టుకుని బండిని రోడ్డు మీదికి తెచ్చాడు.

"ఇష్టమైతే ఇష్టం గని, లెక్క తప్పినవు నువ్వు."

బండి ఆపాను. ఆయన నావైపు తిరిగి కూర్చున్నాడు. పొద్దుటినుంచి మొదటిసారి చక్రాలని వదిలేసి నా మొహం చూశాడు.

"నిజం చెప్పు. ఏడ తప్పినవ్ నువ్వు?"

'నువ్వు' అనే మాట అప్పటికి రెండుసార్లు వినబడింది. దాని అర్థం ఏమిటో తేల్చుకోవడానికి లోపల పని మొదలైంది. మొదటిసారి దాన్ని మధ్యలో ఆపి, అడిగినదానికి జవాబు చెప్పాను. "సబ్బు దగ్గర."

"సబ్బు దగ్గరా?"

"సాలమ్మగారు సబ్బు కావాలా అన్నప్పుడు. ఆవిడకి కోపం పోయిందా లేదా అని ఆలోచిస్తుంటే పోయింది."

కుర్మయ్య ఒక్కసారిగా నవ్వాడు. డిపో గొంతుతో నవ్వితే అద్దాలు అదిరాయి. నవ్వి నవ్వి, నల్లబడ్డ బొటనవేలితోనే కళ్లు తుడుచుకున్నాడు.

"సబ్బు అంటెనే లెక్క మరిచెటోనివి, సంసారం ఏం చేస్తవయ్యా నువ్వు?" అన్నాడు. కాసేపు ఎదురుగా ఉన్న సందు వైపు చూశాడు. "సరే తియ్. మా బిడ్డ లెక్కల టీచర్. ఆమె చూసుకుంటది."

నేను ఏదో అనబోయాను.

"ఏమనకు. ఇగ నడువు. కూర సల్లగయింది. తిన్నంక నట్టు మల్ల ఇప్పుదం."

సాలమ్మ కూర వేడి చేసి పెట్టింది. పెడుతూ ఒక్క మాటా మాట్లాడలేదు గానీ, రెండోసారి అడక్కుండానే వడ్డించింది. ఆ కారం గురించి ఆమె పొద్దున చెప్పింది కొంచెమే. నాలుగో ముద్దకి ముక్కు కారింది, ఏడో ముద్దకి కళ్లలోంచి నీళ్లు ధారగా దిగాయి. ఆపితే మళ్లీ కంచం వదిలి పోయినట్టవుతుందని తల వంచుకుని తింటూనే ఉన్నాను. సుచిత్ర మజ్జిగ గ్లాసు నావైపు జరిపింది.

"ఏమైందయ్యా, సార్ ఏడుస్తుండా?" అని సాలమ్మ కంగారుగా భర్తని అడిగింది.

కుర్మయ్య ఎముక కొరుకుతూ నావైపు ఒకసారి చూశాడు.

"ఏం లేదు. ఢీలా అయిండు."

అయిండు అన్నాడు. మజ్జిగ తాగి ఇంకో ముద్ద కలుపుకున్నాను.